ఎనిమిదో హెన్రీ విడాకుల కోసం ఇంగ్లండ్ జనమంతా మతం మార్చుకున్నారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "ఎనిమిదో హెన్రీ మీద వచ్చిన ఒక సీరియల్ చూశాను. భార్యను వదిలేయడానికి పోప్ ఒప్పుకోలేదని రాజు వేరే చర్చే పెట్టేశాడట. రాజు సంగతి సరే, లక్షలాది జనం తాతల నాటి నమ్మకాన్ని ఒక్క మాటతో ఎలా వదిలేశారు? భయమేనా? లేక వాళ్లకూ పాత మతం మీద విసుగు పుట్టిందా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. జనం ఒక్క మాటతో వదిలేయలేదు. 1534లో మారింది చట్టం. ఊళ్లలో మతం మారడానికి ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆ మార్పును ఊరూరా అమలు చేసింది సైన్యం కాదు, ఆ ఊరి రైతులూ ఆ ఊరి ఫాదరూనే. వాళ్లలో భయం ఉంది, రాజు మాట వినాలన్న అలవాటు ఉంది, కొందరిలో కొత్త నమ్మకం నిజంగానే ఉంది, పెద్దమనుషులకు మఠాల భూములు దక్కాయి. వీటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని "ఇదే కారణం" అంటే కథ తప్పుదారి పడుతుంది.

నేను డిగ్రీ కాలేజీలో పందొమ్మిదేళ్లుగా యూరప్ చరిత్ర చెబుతున్నాను. పీహెచ్‌డీ చేసింది కూడా ఆ కాలపు ఊరి చర్చిల జమాఖర్చు పుస్తకాల మీదే. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "విడాకులు" అన్న మాట సంగతి. హెన్రీ అడిగింది విడాకులు కాదు, అసలు ఆ పెళ్లే చెల్లదన్న తీర్పు. హెన్రీ వదిలేయాలనుకున్న భార్య కేథరిన్ మొదట ఆయన అన్న ఆర్థర్ భార్య. 1502లో ఆర్థర్ చనిపోయాడు. అన్న భార్యను చేసుకోవడానికి అప్పటి పోప్ ప్రత్యేక అనుమతి ఇచ్చాక 1509లో హెన్రీ ఆమెను పెళ్లాడాడు. పుట్టిన పిల్లల్లో బతికింది మేరీ ఒక్కతే. సోదరుడి భార్యను చేసుకుంటే సంతానం ఉండదన్న బైబిల్ మాట పట్టుకుని, ఆ అనుమతి ఇవ్వడమే తప్పని హెన్రీ వాదించాడు.

ఇలాంటి తీర్పులు పోప్‌లు ఇవ్వనివేం కాదు. ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీకి 1498లో ఇచ్చారు. హెన్రీకి కాలం కలిసి రాలేదు. 1527 మేలో ఐదో చార్లెస్ చక్రవర్తి సైన్యం రోమ్ మీద పడి నగరాన్ని దోచుకుంది. పోప్ ఏడో క్లెమెంట్ దాదాపు బందీ అయిపోయాడు. ఆ చార్లెస్ ఎవరో కాదు, కేథరిన్ అక్క కొడుకు. పిన్నిని అవమానించే తీర్పును పోప్ ఎలా ఇవ్వగలడు?

ఇంకో సంగతి. పోప్‌తో తెగదెంపులు చేసుకున్నాక కూడా హెన్రీ ప్రొటెస్టెంట్ కాలేదు. జర్మనీలో ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌కు వ్యతిరేకంగా రాసినందుకు 1521లో పోప్ చేత "విశ్వాస రక్షకుడు" అనే బిరుదు అందుకున్నవాడాయన. 1539లో ఆయనే తెచ్చిన ఆరు సూత్రాల చట్టం ప్రకారం ఫాదర్లు పెళ్లి చేసుకోకూడదు, పూజ పాత పద్ధతిలోనే జరగాలి. 1540 జులై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో ఆరుగురికి ఒకేరోజు మరణశిక్ష అమలు చేశారు. ముగ్గురిని ప్రొటెస్టెంట్ బోధనలు చేసినందుకు కాల్చారు, మిగతా ముగ్గురిని పోప్‌ను కాదనలేకపోయినందుకు ఉరితీశారు. మా పిల్లలకు నేను మొదటి క్లాసులో చెప్పేది ఈ రోజు గురించే. హెన్రీ పట్టుదల ఏ సిద్ధాంతం మీదా కాదు, తన రాజ్యంలో తన పైన ఇంకెవరూ ఉండకూడదన్న దాని మీద.

ఇక మీ అసలు ప్రశ్న. రాజు చేతిలో ఏముంది? ఆ రోజుల్లో ఇంగ్లండ్ రాజుకు స్థిర సైన్యం లేదు, జీతాలిచ్చే పోలీసు లేదు, ఊళ్లలో మన తహసీల్దారు, వీఆర్వో లాంటి ఉద్యోగులు లేరు. జిల్లాల్లో న్యాయం, శాంతిభద్రతలు చూసేది జీతం లేని స్థానిక భూస్వాములు. మొత్తం తొమ్మిది వేలకు పైగా పారిష్‌లు, అంటే ఒక్కో చర్చి కింద ఒకటో రెండో ఊళ్లు. ఆ చర్చి డబ్బూ, రిపేర్లూ చూసేది ఊరి జనం ఎన్నుకున్న చర్చి వార్డెన్లు. వాళ్లు మామూలు రైతులు, ఏడాదికో ఇద్దరు వంతులవారీగా చేసేవాళ్లు. లండన్‌లో ఏ హుకుం జారీ అయినా చివరికి వీళ్ల చేతుల మీదుగానే జరగాలి.

అందుకే హెన్రీ, ఆయన మంత్రి థామస్ క్రామ్వెల్ పార్లమెంటు దారి పట్టారు. 1533లో, ఇంగ్లండ్ కేసుల మీద రోమ్‌కు అప్పీలు వెళ్లకూడదని చట్టం. 1534లో, ఇంగ్లండ్ చర్చికి రాజే అధిపతి అని చట్టం. అదే ఏడాది ఇంకొకటి: రాజుకు ఆ బిరుదు లేదని నోటితో అన్నా రాజద్రోహమే. 1535లో బిషప్ జాన్ ఫిషర్ తల, మాజీ ఛాన్సలర్ థామస్ మోర్ తల ఆ చట్టం కిందే తెగిపడ్డాయి. అంత పెద్దవాళ్లకే దిక్కు లేనప్పుడు ఊళ్లో మామూలు రైతు నోరెత్తుతాడా? మీరన్న భయం ఇక్కడుంది, కాదనను. కాకపోతే భయం ఒక్కటే అయితే జనం నోరు మూసుకుని ఊరుకుంటారు, అంతే. తమ చర్చిలోని బలిపీఠాన్ని తమ చేత్తోనే పడగొట్టడం దాకా వచ్చిందంటే ఇంకా చాలా జరిగి ఉండాలి.

అది అర్థం కావాలంటే ఒక ఊరికి వెళ్దాం. ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్‌లో, ఎక్స్‌మూర్ కొండల దక్షిణపు అంచున మోర్‌బాత్ అనే చిన్న ఊరు. అప్పట్లో ముప్ఫై చిల్లర కుటుంబాలు, గొర్రెలే వాళ్ల బతుకు. 1520లో అక్కడికి క్రిస్టఫర్ ట్రికీ అనే ఫాదర్ వచ్చాడు. 1574లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. యాభై నాలుగేళ్లు! హెన్రీ, ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, నలుగురి పాలన కింద ఒకే చర్చిలో ఒకే మనిషి. ఆ చర్చి లెక్కలు తన చేత్తో రాసిపెట్టాడు. ఏటా జనం ముందు చదివి వినిపించడానికి రాసిన లెక్కలు కాబట్టి వాటిలో మాట్లాడే మనిషి గొంతు వినిపిస్తుంది. నా పరిశోధనలో నేను ఎక్కువ రాత్రులు గడిపింది ఆ లెక్కలతోనే.

మొదటి ఇరవై ఏళ్ల పేజీలు చూస్తే చర్చి ఆ ఊరికి ఏమిటో తెలుస్తుంది. ఒక్కో పునీతుడి పేర ఒక్కో నిధి. పడుచువాళ్లకొక నిధి, కన్నెపిల్లలకొక నిధి, ఎవరి లెక్క వాళ్లదే. చర్చికి సొంత గొర్రెలు ఉండేవి. వాటిని ఊళ్లో ఇంటికొకటి చొప్పున పంచి మేపేవాళ్లు, ఆ ఉన్ని అమ్మిన డబ్బుతో పునీతుల ముందు దీపాలు వెలిగేవి. ఎవరి ఇంట్లో ఉన్న గొర్రె చచ్చిపోయిందో, ఏది తప్పిపోయిందో కూడా రాసి ఉంటుంది. ఫాదర్ ట్రికీకి పునీత సిడ్‌వెల్ అంటే ప్రాణం. ఆమె విగ్రహాన్ని ఆయనే పెట్టించాడు, జనమూ కానుకలు ఇచ్చారు. చనిపోయినవాళ్ల పూజల్లో వేసుకునే నల్లటి వస్త్రాల కోసం ఏళ్ల తరబడి, దాదాపు ఇరవై ఏళ్లపాటు, చిల్లర కూడబెట్టాడు. ఇవన్నీ చదివితే జనానికి పాత మతం మీద విసుగు పుట్టిందని అనలేం. లండన్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల, వ్యాపారుల్లో, చదువుకున్నవాళ్లలో కొత్త బోధన కోసం తపించినవాళ్లు ఉన్నారు, వాళ్ల నమ్మకం నిజమైనదే. కానీ మోర్‌బాత్ లాంటి వేలాది ఊళ్లలో చర్చి అంటే ఊరే.

తర్వాత హుకుంలు ఒక్కొక్కటే వచ్చాయి. 1538లో విగ్రహాల ముందు దీపాలు ఆపమన్నారు. ప్రతి చర్చిలో ఇంగ్లీషు బైబిల్ కొని పెట్టమన్నారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు ఒక రిజిస్టర్‌లో రాయమన్నారు. (ఈ రిజిస్టర్ పన్ను వేయడానికేనని అప్పట్లో జనం హడలిపోయారు. ఇప్పుడు మనలాంటి పరిశోధకులకు అన్నం పెట్టేది ఆ రిజిస్టర్లే.) 1547లో హెన్రీ పోయి, ఆయన కొడుకు, తొమ్మిదేళ్ల ఆరో ఎడ్వర్డ్ పేర ప్రొటెస్టెంట్ పెద్దలు పాలన చేతిలోకి తీసుకున్నాక వేగం పెరిగింది. విగ్రహాలు తీసేయాలి. చనిపోయినవాళ్ల ఆత్మల కోసం పూజలు చేయించే నిధులు రాజుకు జప్తు. ఇరవై ఏళ్లు కూడబెట్టి ట్రికీ కొన్న నల్ల వస్త్రాలు సరిగ్గా ఆ 1547లోనే చేతికొచ్చాయి. వచ్చీ రాగానే వాటి పని లేకుండా పోయింది.

గొర్రెలు అమ్మేశారు. నిధులన్నీ మూతపడ్డాయి. చర్చి వస్తువులు ఊరి ఇళ్లలోకి చేరాయి.

1549లో లాటిన్ పూజ పోయి ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకం వచ్చింది. జూన్ 9 ఆదివారం నుంచి దేశమంతా అదే చదవాలి. ఆ మర్నాడే డెవన్‌లో శాంఫర్డ్ కోర్ట్నీ అనే ఊళ్లో జనం తిరగబడి ఫాదర్ చేత పాత పూజ చేయించుకున్నారు. పక్కనున్న కార్న్‌వాల్ వాళ్లూ కలిశారు. కొత్త ఆరాధన క్రిస్మస్ ఆటలా ఉందన్నారు, మాలో కొందరికి ఇంగ్లీషే రాదన్నారు. దానికి ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ "మరి మీలో లాటిన్ ఎంతమందికి వచ్చు?" అని జవాబు రాశాడు. తర్కానికి క్రాన్మర్ మాటే నిలుస్తుంది. అయినా అర్థం తెలియకపోయినా చిన్నప్పటి నుంచి చెవుల్లో మోగిన మంత్రం పోతే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్సెటర్ నగరాన్ని ఐదు వారాలు ముట్టడించారు. మోర్‌బాత్ లెక్కల్లో ఆ ఏడాది ఒక పద్దు ఉంది: ఎక్సెటర్ బయట తిరుగుబాటుదారుల శిబిరానికి వెళ్లిన ఐదుగురు కుర్రాళ్లకు ఊరి డబ్బు ఇచ్చినట్టు. ఊరంతా కలిసి పంపించారు! ఒక ఫాదర్, తన చేత్తో, ఊరి లెక్కల్లో, రాజద్రోహానికి సాక్ష్యం రాసిపెట్టాడు. మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు నాకు చేతులు వణికాయి.

ఆ తిరుగుబాటును అణచడానికి స్కాట్లండ్ యుద్ధం కోసం తెచ్చిన జర్మన్, ఇటాలియన్ కిరాయి సైనికులను దించారు. వేలల్లో చనిపోయారు. అంతకు ముందు 1536లో ఉత్తరాన ఇంకా పెద్ద తిరుగుబాటు జరిగింది. లాయరు రాబర్ట్ ఆస్క్ నాయకత్వంలో దాదాపు ముప్ఫై వేలమంది, క్రీస్తు ఐదు గాయాల జెండా పట్టుకుని, మఠాలు మూయొద్దని కదిలారు. రాజు దగ్గర అంత బలగం లేదు. సంధి మాటలు చెప్పించి, క్షమాభిక్ష ఇస్తానని ఇళ్లకు పంపించి, మళ్లీ చిన్న గలాటా జరగ్గానే దాన్ని సాకుగా తీసుకుని ఉరికొయ్యలు నిలబెట్టాడు. 1537 జులైలో ఆస్క్‌ను యార్క్‌లో ఉరితీశారు. కాబట్టి "జనం ఎందుకు తిరగబడలేదు?" అనే ప్రశ్నే సరికాదు. తిరగబడ్డారు, ఓడిపోయారు. ఇంకో విషయం గమనించండి, ఆస్క్ మనుషులు రాజును తిట్టలేదు. రాజు మంచివాడే, చుట్టూ ఉన్న క్రామ్వెల్ లాంటివాళ్లే చెడ్డవాళ్లన్నారు. ఆ గౌరవమే వాళ్లను సంధి మాటలు నమ్మేలా చేసింది.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక్క లైనులో అయిపోయే విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: భూమి. 1536 నుంచి 1540 మధ్య ఎనిమిది వందల వరకు మఠాలు మూతపడ్డాయి. వాటి భూములన్నీ రాజుకు వచ్చాయి. అవి రాజు దగ్గరే ఉండిపోయి ఉంటే ఇంగ్లండ్ చరిత్ర ఇంకోలా ఉండేది, ఎందుకంటే ఆ రాబడితో రాజు పార్లమెంటును పన్ను అడగాల్సిన అవసరమే రాకపోయేదేమో. కానీ 1540ల్లో ఫ్రాన్స్, స్కాట్లండ్‌లతో యుద్ధాలు వచ్చాయి. డబ్బు కోసం అమ్మేశాడు. హెన్రీ చనిపోయే నాటికి ఆ భూముల్లో సుమారు మూడింట రెండొంతులు చేతులు మారిపోయాయి. కొన్నది జిల్లాల్లోని పెద్ద రైతులు, భూస్వాములు, లాయర్లు, వ్యాపారులు. కొన్నవాళ్లలో మనసులో కేథలిక్‌లుగా ఉన్నవాళ్లూ బోలెడుమంది. పక్కింటాయన కొంటుంటే నేనెందుకు ఊరుకోవాలి అనుకున్నారు.

దీని ఫలితం 1553లో కనిపించింది. ఎడ్వర్డ్ చనిపోయి, కేథరిన్ కూతురు మేరీ రాణి అయింది. నిఖార్సైన కేథలిక్. జనం సంతోషించారు. మోర్‌బాత్‌లో దాచిపెట్టిన వస్తువులు ఒక్కొక్కటే ఇళ్లలోంచి చర్చికి తిరిగొచ్చాయి. రోమ్‌తో మళ్లీ కలవడానికి పార్లమెంటు 1554లో ఒప్పుకుంది. ఎప్పుడు? మఠాల భూములు కొన్నవాళ్ల దగ్గరే ఉంటాయని పోప్ తరఫున హామీ వచ్చాకే. పూజ తిరిగొచ్చింది, పోప్ తిరిగొచ్చాడు, భూమి మాత్రం రాలేదు. నేను ఈ విషయం మీద ఒక్క ప్రశ్నే ఇవ్వాల్సి వస్తే దీని గురించే ఇస్తాను.

మేరీ కాలంలో సుమారు మూడేళ్ల తొమ్మిది నెలల్లో 280 మందికి పైగా ప్రొటెస్టెంట్లను సజీవంగా కాల్చారు. వాళ్లలో బిషప్‌ల కన్నా నేతగాళ్లు, కూలీలు, ఇల్లాళ్లే ఎక్కువ. క్రాన్మర్ మొదట భయపడి తన విశ్వాసాన్ని కాదని సంతకాలు పెట్టి, 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో మంటల ముందు ఆ మాట వెనక్కి తీసుకుని, సంతకం పెట్టిన కుడిచేతినే ముందు నిప్పులో పెట్టాడు. కొత్త నమ్మకం నిజమైనదే అని పైన అన్నాను కదా, దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కేవలం రాజాజ్ఞే అయితే అంతమంది ప్రాణాలు ఇచ్చేవాళ్లు కాదు.

ఇక్కడ మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. క్లాసులో ఒకసారి ఈ పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "సార్, మా చర్చిలో బలిపీఠం అంటాం, పక్కనున్న ఈమె వాళ్ల చర్చిలో బల్ల అంటుంది, రెండూ ఒకటేనా?" అని అడిగింది. ఒకమ్మాయిది ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్, ఇంకొకమ్మాయిది సీఎస్ఐ, అంటే ప్రొటెస్టెంట్. సీఎస్ఐకి మూలాల్లో ఒకటి ఆ ఇంగ్లండ్ చర్చే. ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం పాఠం ఉంది. బలిపీఠం మీద ఫాదర్ క్రీస్తు బలిని మళ్లీ దేవునికి అర్పిస్తాడు. బల్ల దగ్గర విశ్వాసులు కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకుని క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటారు. రాయి తీసేసి చెక్క పెట్టడం అంటే ఫాదర్ అధికారమేమిటి, చనిపోయినవాళ్లకు బతికున్నవాళ్లు ఏం చేయగలరు అనే ప్రశ్నలకు జవాబు మార్చేయడం. 1550లో రాతి బలిపీఠాలు పడగొట్టి చెక్క బల్లలు పెట్టమన్నారు. మేరీ వచ్చాక మళ్లీ రాయి. మేరీ తర్వాత ఆమె చెల్లెలు ఎలిజబెత్ రాణి అయ్యాక, 1559లో మళ్లీ బల్ల. చర్చి లెక్కల పుస్తకాల్లో పడగొట్టిన కూలి, కట్టిన కూలి, మళ్లీ పడగొట్టిన కూలి, అన్నీ కొద్ది పేజీల తేడాలో కనిపిస్తాయి.

నార్ఫోక్‌లో బినమ్ అనే ఊళ్లో పాత మఠం చర్చి ఉంది. 1539లో మఠం మూసేశారు, చర్చి ముందు భాగం ఊరికి మిగిలింది. అక్కడ ఒక చెక్క తెర మీద పునీతుల బొమ్మలు ఉండేవి. వాటి మీద తెల్లరంగు పూసి, నల్లటి అక్షరాలతో ఇంగ్లీషు బైబిల్ వాక్యాలు రాశారు. కాలక్రమేణా ఆ తెలుపు పలచబడింది. ఇప్పుడు చూస్తే అక్షరాల వెనక నుంచి ఒక ముఖం, ఒక కన్ను, బంగారు రంగు వస్త్రం అంచు బయటకొస్తూ ఉంటాయి. ఆ తెర ముందు నేను అరగంటకు పైగా నిలబడిపోయాను. మీ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాల్లో కన్నా అక్కడే బాగా అర్థమైంది. చాలామంది మనసుల్లో పాతది చెరిగిపోలేదు. దాని మీద కొత్తది రాశారు, అంతే. ఒక తరం పోయి, పాత పూజను ఎన్నడూ చూడని పిల్లలు పెద్దయ్యాక గానీ ఆ కొత్త అక్షరాలే వాళ్ల సొంత మతం కాలేదు.

ఎలిజబెత్ తెలివి అక్కడే ఉంది. 1559 చట్టాల్లో "అధిపతి" అనే మాట తీసేసి "పాలకురాలు" అని పెట్టించుకుంది. ఆరాధన చట్టం ప్రభువుల సభలో మూడే మూడు ఓట్ల తేడాతో నెగ్గింది, ఒక్క బిషప్ కూడా అనుకూలంగా ఓటేయలేదు. అయినా ఊళ్లలో ఫాదర్లలో అత్యధికులు మారు మాట్లాడకుండా కొనసాగారు, మన ట్రికీ కూడా. ఆదివారం చర్చికి రాకపోతే పన్నెండు పెన్నీల జరిమానా. రా, కూర్చో, మనసులో ఏమున్నా నేనడగను అన్నట్టుగా మొదటి పదేళ్లు నడిచింది. 1569లో ఉత్తరాది ప్రభువుల తిరుగుబాటు, 1570లో పోప్ ఐదో పయస్ ఆమెను వెలివేసి ప్రజలు ఆమెకు విధేయులుగా ఉండక్కర్లేదని ప్రకటించడం, ఈ రెండూ పరిస్థితిని మార్చేశాయి. అక్కడి నుంచి కేథలిక్‌గా ఉండటం అంటే శత్రువు పక్షాన ఉండటమని ప్రభుత్వం లెక్కేసింది. 1581లో జరిమానా నెలకు ఇరవై పౌండ్లు చేశారు, మామూలు కుటుంబం ఊహకందని మొత్తం అది.

ఆ రోజుల్లో కేథలిక్ ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. మగవాడు ఆదివారం చర్చికి వెళ్లి కూర్చుని వస్తాడు, ఆస్తి నిలబడుతుంది. భార్య ఇంట్లో ఉండిపోయి జపమాల తిప్పుకుంటుంది, పిల్లలకు పాత ప్రార్థనలు నేర్పుతుంది, రహస్యంగా వచ్చే ఫాదర్‌కు అన్నం పెడుతుంది. పెళ్లైన స్త్రీకి చట్టం ప్రకారం సొంత ఆస్తి లేదు కాబట్టి ఆమె దగ్గర జరిమానా వసూలు చేయడం కష్టం. అలా ఆడవాళ్ల మీద ఆ మతం బతికింది. యార్క్‌లో మాంసం వ్యాపారి భార్య మార్గరెట్ క్లిథరో ఇలాంటి ఇల్లాలే. భర్త ప్రొటెస్టెంట్. ఫాదర్లను దాచిందని పట్టుకున్నారు. కోర్టులో నేరం ఒప్పుకున్నానని గానీ లేదని గానీ చెప్పడానికి ఆమె నిరాకరించింది, ఎందుకంటే విచారణ జరిగితే తన పిల్లల చేత సాక్ష్యం చెప్పిస్తారు. అలా నోరు విప్పనివాళ్లకు ఆ కాలపు శిక్ష ఒంటి మీద బరువులు పేర్చడం. 1586 మార్చి 25న ఆమె అలా చనిపోయింది. ఈ భాగం చెప్పేటప్పుడు క్లాసులో ఎప్పుడూ నిశ్శబ్దమే.

ఇక రాజు అధికారం ఏమైందో చెప్పి ముగిస్తాను, మీ ప్రశ్నలో అది లేకపోయినా. హెన్రీ పోప్ అధికారాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు, నిజమే. కానీ తీసుకున్నది పార్లమెంటు చట్టంతో. మతం ఏమిటో చట్టం చెప్పగలిగితే, ఆ చట్టం చేసే సభకు మతంలో మాట ఉన్నట్టే కదా. మఠాల భూములతో బలపడిన ఆ భూస్వాముల కుటుంబాలవాళ్లే ఆ సభలో కూర్చున్నారు. ఎలిజబెత్ తర్వాత రాజైన మొదటి జేమ్స్ 1604లో "బిషప్ లేకపోతే రాజు లేడు" అన్నాడు. చర్చిలో పెద్దరికాన్ని ప్రశ్నించినవాడు రేపు సింహాసనాన్నీ ప్రశ్నిస్తాడని ఆయనకు తెలుసు. కొడుకు మొదటి చార్లెస్ 1629 నుంచి పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండా పాలించాడు. ఆయన ఆర్చ్‌బిషప్ లాడ్ ఆ చెక్క బల్లలను మళ్లీ తూర్పు గోడకు జరిపించి చుట్టూ కటకటాలు పెట్టించాడు. ఎనభై తొంభై ఏళ్లుగా బల్ల దగ్గరికి వెళ్లడానికి అలవాటుపడిన జనానికి అది పాత బలిపీఠంలా కనిపించింది. ఈసారి వాళ్లు కాపాడుకోవాలనుకున్న తాతల నాటి మతం ప్రొటెస్టెంట్ మతం! 1637లో స్కాట్లండ్ మీద కొత్త ప్రార్థనల పుస్తకం రుద్దబోతే ఎడిన్‌బరో చర్చిలో గొడవ మొదలై యుద్ధం దాకా వెళ్లింది. యుద్ధానికి డబ్బు కావాలి, డబ్బు కావాలంటే పార్లమెంటు కావాలి. 1640లో పిలిచాడు. 1642లో అంతర్యుద్ధం మొదలైంది. 1649 జనవరి 30న వైట్‌హాల్‌లో రాజు తల తీశారు.

మీరు చూసిన సీరియల్‌లో ఇవన్నీ ఉండవు, ఉండాలని నేను అనను కూడా. ఇంకా లోతుగా వెళ్లాలనుకుంటే రాజుల జీవితకథలతో మొదలుపెట్టకండి, ఏదైనా ఒక ఊరి చర్చి వార్డెన్ల లెక్కలు అచ్చులో దొరికితే పట్టుకోండి. మోర్‌బాత్ లెక్కలు అచ్చయ్యాయి. పాత ఇంగ్లీషు స్పెల్లింగులు మొదటి వారం ఇబ్బంది పెడతాయి. గట్టిగా పైకి చదివితే అర్థమవుతాయి, ఎలాగూ ట్రికీ వాటిని రాసింది పైకి చదవడానికే. 1547 నుంచి 1549 దాకా పేజీలు ముందు చదవండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, చెబుతాను.